పక్కింటి డేక్సాలో పంది కూర

పాతబస్తీ మొత్తంలో మంట వెలిగించకుండా పంది కూర వండిన మొదటి మగవాణ్ణి నేనే. పొగ లేదు, విజిల్ లేదు, గరిటె తిప్పింది లేదు. పొద్దున గిన్నెలో వేసి బొత్తాం తిప్పాను. సాయంత్రానికి ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. నూడుల్స్ కలిపి మూత తీసేసరికి ఆ వాసన ఫలక్‌నుమా స్టేషన్ దాకా పోయింది. రైలు దిగినవాళ్ళు ఆగి, ముక్కులు ఎగబీల్చి, ఎవరింట్లో ఈ వంట అని అడిగారు. ఈ ముచ్చట నేను చర్చి మెట్ల మీద చెప్పాను, చాయ్ హోటల్లో చెప్పాను, పింఛను కోసం బ్యాంకులో నిలబడ్డప్పుడు నా వెనకున్నాయనకు కూడా చెప్పాను.

కాగితం మీద పెట్టేటప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. వాసన స్టేషన్ దాకా పోలేదు. గల్లీ చివరికి కూడా పోలేదు. పోకూడదనే ఆ రోజంతా తలుపులూ కిటికీలూ బిడాయించుకుని, చెమటలు కారుస్తూ కూర్చున్నాను. నిజంగా ఎవరైనా మా గుమ్మం ముందు ఆగి ముక్కు ఎగబీల్చి ఉంటే నా గుండె అక్కడే ఆగేది. మంట లేకుండా అన్నది కూడా సగమే నిజం. చివర్లో స్టవ్ వెలిగించాను. వచ్చిన ముప్పంతా ఆ స్టవ్ వెలిగించిన తర్వాతే వచ్చింది.

మా ఇల్లు ఫలక్‌నుమా దగ్గర, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిన గల్లీలో ఉంది. నేను సర్కారు కార్ఖానాలో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాను. మా వంటింటికీ పక్కింటి వంటింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో చెక్క రెక్కలున్న చిన్న కిటికీ. ఒకప్పుడు రెండిళ్ళూ ఒకటే ఇల్లేమో, ఎవరు పెట్టించారో తెలియదు. కిటికీకి అవతల ఉండేది ఆపా, అంటే అక్క. నాకంటే చిన్నదే, కానీ మా ఆవిడ ఆపా అంటుంది కాబట్టి నాకూ ఆపాయే. భర్త పోయాడు. కొడుకు బీరువాలు చేసే కార్ఖానాలో పనిచేస్తాడు. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు. తెలుగు నాకంటే గడగడా మాట్లాడుతుంది. కోపమొచ్చినప్పుడు మాత్రం ఉర్దూలోకి దిగుతుంది. ఉర్దూలోకి దిగిందంటే మా ఆవిడ నన్ను ముందు గదిలోకి వెళ్ళిపొమ్మని సైగ చేస్తుంది.

ఆ కిటికీకి కొన్ని పద్ధతులున్నాయి. అటు నుంచి గిన్నె వస్తే ఖాళీగా తిరిగి పోదు. ఇంట్లో ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా వేయాలి. అవతలివాళ్ళ గిన్నె కడిగాక మన అరల్లోకి ఎక్కకూడదు. తిరిగి వెళ్ళేదాకా కిటికీ గూట్లోనే బోర్లించి ఉండాలి. అన్నింటికంటే పెద్ద పద్ధతి ఇంకొకటుంది. మా ఇంట్లో పంది కూర వండేటట్టయితే, ముందు రోజు రాత్రే మా ఆవిడ కిటికీ మూసి గడియ పెడుతుంది. మూసి ఉంటే ఆపాకు అర్థమైపోతుంది. ఆ రోజు అటు నుంచి ఏమీ రాదు, ఇటు నుంచి ఏమీ పోదు. ఎందుకు మూశారని వాళ్ళు అడగరు, ఇందుకు మూశామని మేం చెప్పం. మర్నాడు వంటిల్లంతా కడిగి తెరిస్తే, ఏమీ జరగనట్టు కరివేపాకు అడుగుతుంది. ఇన్నేళ్ళలో ఆ మాట మా రెండిళ్ళ మధ్య ఒక్కసారి కూడా నోటి దాకా రాలేదు. ఆ వంటకు మాకు వేరే సామాను ఉంది. నల్లబడ్డ పెద్ద అల్యూమినియం గిన్నె, ఒక గరిటె. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుకుంటాం.

ఈ మధ్య మా ఆవిడకు కంటిలో శుక్లం తీయించాల్సి వచ్చింది. మా బిడ్డ సికింద్రాబాద్ అవతల ఉంటుంది. ఆస్పత్రి వాళ్ళకే దగ్గర కాబట్టి తల్లిని తన దగ్గరే ఉంచుకుంటానంది. బయలుదేరే ముందు రోజు మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. చర్చివాళ్ళు వచ్చారు. ఆపా పెద్ద స్టీలు డేక్సా నిండా బగారా అన్నం వండింది. ఆ డేక్సా కిటికీలో పట్టక, కొడుకుతో మోయించి ముందు గుమ్మం గుండా తెచ్చింది.

"అక్క కన్ను కోసం దువా చేసేటోళ్ళు ఆకలితోని పోవద్దు భాయ్," అంది.

చర్చివాళ్ళు రెండోసారి వడ్డించుకున్నారు. మూడోసారి వడ్డించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

డేక్సా కడిగేసరికి దాన్ని ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. కిటికీ గూట్లో పట్టదు. మా ఆవిడ దాన్ని కుర్చీ మీద బోర్లించి, మీద తువ్వాలు కప్పింది. "దీన్ని ముట్టకు. నేనొచ్చినంక ఏమన్న వండి, నింపి ఇస్త," అని చెప్పి ఆటో ఎక్కింది. నేను తలూపాను. కానీ ఇంట్లో నడుముకు ఆనే కుర్చీ అదొక్కటే. మొదటి రోజు మంచం మీద కూర్చుని టీవీ చూశాను. రెండో రోజుకు నడుము పట్టేసింది. డేక్సాను తీసి వంటింటి అరలో, మా గిన్నెల పక్కన పెట్టాను. మా గిన్నెల్లో అదీ ఒక గిన్నెలా మెరుస్తూ కూర్చుంది. నేను కుర్చీలో కూర్చుని దాని సంగతి మరిచిపోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. పొయ్యి దగ్గర నిలబడొద్దు, వేడి కంటికి తగలొద్దు అని డాక్టరు చెప్పాడు. దానితో మా బిడ్డ ఒక స్లో కుక్కర్ కొని ముందుగా నా దగ్గరికి పంపించింది. లోపల పింగాణీ కుండ, పైన అద్దం మూత, బయట ఒక బొత్తాం. నేను దానికి కరెంటు కుండ అని పేరు పెట్టాను. పొద్దున సామాను వేస్తే సాయంత్రానికి దానంతట అదే ఉడుకుతుందట. ఫోన్లో మా ఆవిడ, "రోజూ పప్పు, చారు, పప్పు, చారు. నోరు చప్పబడ్డది," అంది. ఆ మాట నాకు చాలు.

"నువ్వొచ్చే రోజు ఇంట్ల పంది కూర, నూడుల్స్. నేనే వండుత," అన్నాను.

వెంటనే ఫోను మా బిడ్డ తీసుకుంది. "బాపూ, నీకు చాయ్ చేసుడే రాదు."

"కార్ఖానాల జాతర చేసినప్పుడు మూడొందల మందికి వండిన నేను."

వండలేదు. ఉల్లిగడ్డల బస్తా మోశాను. కానీ ఆ ఉల్లిగడ్డలు లేకపోతే కూర లేదు కదా.

మాంసం సికింద్రాబాద్ వైపు నుంచి తెచ్చాను. కొవ్వు అంచున్న భుజం ముక్కలు. దుకాణంవాడు ఐసు వేసి, కవర్లో కట్టి, ఆ కవర్‌ను ఇంకో కవర్లో పెట్టాడు. నేను దాన్ని పేపర్లో చుట్టి గుడ్డ సంచిలో దాచాను. లోకల్ రైల్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాచిగూడ దాటాక ఐసు కరగడం మొదలైంది. నా ప్యాంటు తడిసింది. పక్కన కూర్చున్న టోపీ పెద్దాయన కిందికి చూశాడు.

"భాయ్, సంచిలకెల్లి నీళ్ళు కారుతున్నయ్. ఏమున్నది అండ్ల?"

"మందులు," అన్నాను. "ఐసుల పెట్టాలె. మా ఇంటామెకు కన్ను ఆపరేషన్ అయింది."

ఆయన కాళ్ళు పక్కకు జరిపి, సంచి కింద పెట్టుకోవడానికి చోటిచ్చి, "అల్లా మంచి చేస్తడు. ఫికర్ చేయకు," అన్నాడు. ఫలక్‌నుమా దాకా నేను ఆయన ముఖం చూడలేదు. దిగేటప్పుడు సంచి అందించింది కూడా ఆయనే.

మర్నాడు పొద్దున వండాలి. ఆ రాత్రి పడుకోబోయే ముందు కిటికీ మూసి గడియ పెట్టాను. ఆ పద్ధతి మాత్రం మరవలేదు. అందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

పొద్దున్నే మాంసం కడిగి కుండలో వేశాను. ఉల్లిగడ్డలు, క్యారెట్, అల్లం వెల్లుల్లి, మిరియాలు, నల్లటి సోయా సాసు, గ్లాసెడు నీళ్ళు. మా బిడ్డ చెప్పింది అంతవరకే. కారం వద్దంది. కారం లేని కూర ఏం కూర అని నేను రెండు చెంచాలు వేశాను. బొత్తాం తిప్పాను. ఏమీ జరగలేదు. ఉడుకు లేదు, చప్పుడు లేదు. చెయ్యి పెట్టి చూస్తే జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురంత వేడి. ముక్కలు ఎర్రగా నన్నే చూస్తున్నాయి. మూత తీసి కలిపాను. కాసేపటికి మళ్ళీ తీసి చూశాను. ఫోన్ మోగింది.

"బాపూ, మూత తీస్తున్నవా?"

"లేదు బిడ్డా."

"తీయకు. తీసినప్పుడల్లా వేడి పోతది. మొత్తం మళ్ళ మొదటికొస్తది."

"తీయలేదంటున్న కద."

"గరిటె చప్పుడు వినబడుతున్నది."

గరిటె పక్కన పెట్టాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సగం ఉడికిన పంది మాంసం తింటే ఏమవుతుందో మా కార్ఖానాలో ఒకాయన పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ కథలన్నీ ఇప్పుడు వరసగా గుర్తుకొచ్చాయి. ఆపరేషన్ అయిన మనిషి ఇంటికొచ్చి నా చేతి వంట తిని మళ్ళీ ఆస్పత్రికి పోతే? గల్లీలోకి వెళ్ళి కిరాణా సేటును అడిగాను, ఎప్పుడొస్తుందని. "మీదోనికే తెల్వాలె," అని ఆకాశం చూపించాడు. తలుపు మూసుకుని, కుండ మీద దుప్పటి కప్పి, పక్కన కూర్చుని ప్రార్థన చేశాను. మా ఆవిడ ఆపరేషన్ గదిలోకి వెళ్ళినప్పుడు కూడా అంత గట్టిగా చేయలేదేమో. ఈ వాక్యం ఆమెకు చదివి వినిపించను.

కరెంటు వచ్చింది. పొద్దు వాలేసరికి ముక్క మెత్తబడింది. చెంచాతో నొక్కితే పోగులు పోగులుగా విడింది. రుచి చూశాను. నిజం చెబుతున్నాను, ఇందులో పెంచింది ఏమీ లేదు, బాగా కుదిరింది. వంటింట్లో నేనొక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను.

ఇక నూడుల్స్. అవి వేరుగా ఉడకబెట్టి కూరలో కలపాలి. కరెంటు కుండలో అంత చోటు లేదు. అటక మీది అల్యూమినియం గిన్నె దించి, నీళ్ళు పోసి, స్టవ్ మీద పెట్టాను. స్టవ్ చుయ్‌మని ఆరిపోయింది. గిన్నె అడుగున సూదిమొన అంత రంధ్రం. జీవితమంతా ఇనుముకు అతుకులు వేసిన మనిషిని. నా ఇంటి గిన్నెకు చిల్లి పడితే నాకు తెలియలేదు. మా వాళ్ళు బయలుదేరామని ఫోన్ చేశారు. నేను తిరిగి అర వైపు చెయ్యి చాపాను. పెద్ద స్టీలు డేక్సా చేతికి తగిలింది. తీసుకున్నాను.

నూడుల్స్ ఉడికించి, నీళ్ళు వంచి, ఆ డేక్సాలోనే కూర మొత్తం కుమ్మరించి, అడుగు నుంచి పైకి కలిపాను. రసం పట్టి నూడుల్స్ నల్లగా నిగనిగలాడాయి. గుడ్డతో పట్టుకుని ముందు గదిలోకి తేబోతుంటే, అంచు కింద నా వేళ్ళకు గరుకుగా ఏదో తగిలింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు.

ఉర్దూ చదవడం నాకు రాదు. కానీ ఆ వరస నాకు తెలుసు. కిటికీలో నుంచి ఒకప్పుడు వచ్చిన గిన్నెల మీద కూడా అదే పేరు ఉండేది. ఆపా పేరు కాదు, వాళ్ళమ్మ పేరు. పాలమూరు నుంచి ఆమె కూతురి కాపురానికి మోసుకొచ్చిన సామాను అది.

డేక్సాను బల్ల మీద పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాను. అప్పుడే వంటింటి కిటికీ మీద ఎవరో కొట్టారు. మూసి ఉన్న రోజున ఆ కిటికీ మీద అటు నుంచి ఎన్నడూ ఎవరూ కొట్టలేదు.

"భాయ్, తెరవకు. ఇట్లనే చెప్త," అంది ఆపా గొంతు, చెక్క అవతల నుంచి. "రేపు మా ఇంటాయన బర్సీ. ఫాతెహా ఇచ్చేది ఉన్నది. అన్నం వండనీకి నా పెద్ద డేక్సా కావాలె. పొద్దుగాల పిలగాన్ని పంపిస్త. అండ్ల ఏం వేయకు, ఖాళీగనే ఇయ్యి."

"ఆ... ఇస్త ఆపా."

"అక్క వస్తున్నదా ఇయ్యాల?"

"తొవ్వల ఉన్నది."

"కన్ను భద్రం అని చెప్పు," అని వెళ్ళిపోయింది.

బర్సీ అంటే మనిషి పోయిన రోజు ఏటేటా చేసుకునేది. అన్నం వండి, ఆయన పేర ఫాతెహా చదివి, నలుగురికీ పెడతారు. ఆ అన్నం ఈ డేక్సాలో వండుతుంది. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కూర ఇంకో గిన్నెలోకి మార్చి, చింతపండుతో తోమి, వేడినీళ్ళు పోసి, ఎండబెట్టి పొద్దున ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? డేక్సాకు నోరు లేదు. చింతపండు తీసి నానబెట్టాను కూడా. నీళ్ళలో దాన్ని పిసుకుతుంటే, రేపు ఆ అన్నం తినేవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళ ముందుకొచ్చారు. ఆమె కొడుకు, ఆమె ఆడబిడ్డ, మసీదు నుంచి వచ్చే ముసలాయన. తిని, పోయిన మనిషి కోసం దువాకు చేతులు ఎత్తేవాళ్ళు. పిసకడం ఆపేశాను. చెయ్యి చింతపండు నీళ్ళలోనే ఉండిపోయింది.

చెప్పాలంటే, ఇన్నేళ్ళూ కిటికీ మూసి దాచిన మాటను మొదటిసారి నోటితో అనాలి. అన్న తర్వాత ఆ కిటికీ మళ్ళీ తెరుచుకుంటుందా? మా ఆవిడ ఊళ్ళో లేని రోజుల్లో నాకు పొద్దున చాయ్ వచ్చింది ఆ కిటికీలో నుంచే. మా ఆవిడకు ఈ గల్లీలో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆపా ఒక్కతే. ఆ మనిషిని నేను ఒక గిన్నెడు నూడుల్స్ కోసం పోగొట్టేటట్టున్నాను.

ఆటో ఆగింది. మా బిడ్డ తల్లిని చెయ్యి పట్టుకుని దించింది. మా ఆవిడ నల్లద్దాలు పెట్టుకుని లోపలికి వచ్చి, వాసన పీల్చి, "అబ్బో," అంది. నా జన్మలో నా పని చూసి ఆమె అబ్బో అనడం అదే మొదటిసారి. ఆ అబ్బో పూర్తికాకముందే అద్దాలు పైకెత్తి బల్ల వైపు చూసింది.

"ఆ డేక్సా ఎవలది?"

నేను చేతిలోని గుడ్డతో డేక్సా అంచు కప్పాను.

"నేను కుర్చీ మీద పెట్టి పోతి కద. ముట్టకు అంటి కద."

"నడుము నొచ్చింది," అన్నాను. "అరల పెట్టిన. తర్వాత..."

"నడుము నొస్తె డేక్సాల పంది కూర వండుతరా?"

మా బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు బర్సీ సంగతి చెప్పాను. మా ఆవిడ మంచం మీద కూలబడింది. ఎవరమూ కంచాలు పెట్టుకోలేదు.

"పో. పోయి చెప్పు," అంది కొంతసేపటికి.

"రేపు చెప్త."

"రేపు పొద్దుగాల పిలగాడొస్తడు. వానికి ఏమని చెప్తవ్, నడుము నొచ్చిందనా?"

"నువ్వు చెప్పరాదు? ఆడోళ్ళు ఆడోళ్ళు అయితే..."

"వండిన నోటితోనే చెప్పాలె. మూడొందల మందికి వండినవ్ కద, ఒక్క మనిషికి చెప్పలేవా?"

వెళ్ళాను. కిటికీ దగ్గరికి కాదు, బయటికి వెళ్ళి, వాళ్ళ ముందు గుమ్మం దగ్గరికి. కొడుకు రేపటి సామానుకు బజారు పోయాడు. ఆపా ఒక్కతే చాప మీద కూర్చుని పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"షుగర్ ఎట్లుంది ఆపా?" అన్నాను.

"మంచిగున్నది."

"బియ్యం పాతవేనా?"

"పాతవే భాయ్. ఏంది సంగతి? అక్క మంచిగ వచ్చిందా?"

"వచ్చింది. బియ్యం మంచిగున్నయ్."

ఆమె ఏరడం ఆపి నా ముఖం వైపు చూసింది. అప్పుడు చెప్పాను. ఎట్లా చెప్పానో నాకే గుర్తులేదు. కిటికీ ఎందుకు మూస్తామో నీకు తెలుసు కదా అన్నాను. మా గిన్నెకు చిల్లి పడిందన్నాను. డేక్సా అరలో ఉండెనన్నాను. మీ అమ్మ పేరు తర్వాత చూశానన్నాను. ముందు చూస్తే చెయ్యి తెగినా పెట్టకపోదునన్నాను. అంతా అయ్యాక, "తోమి, చెప్పకుండ నీకు ఇయ్యబుద్ధి కాలే," అన్నాను.

ఇక్కడ జరిగింది నేను చర్చి మెట్ల మీద ఇట్లా చెప్పాను: ఆపా నా వైపు ఒక నిమిషం చూసింది, తర్వాత ఫకాలున నవ్వింది. "అరే భాయ్, దీనికా నువ్వు ఇంత పరేషాన్ అయితున్నవ్? గిన్నెనే కద, పోనియ్యి," అంది. పెద్ద మనసున్న మనిషి, నేను చెప్పిన తీరుకే మెత్తబడిపోయింది. విన్నవాళ్ళకు ఆ చోట కళ్ళు చెమర్చేవి.

కొంచెం తగ్గిస్తాను. ఫకాలున కాదు. కొంచెం నవ్వింది. మూతి చివర. అన్న మాట కూడా అంత పొడుగు లేదు. "అది ఇగ నువ్వే ఉంచుకో," అంది. తర్వాత, "రేపటికి నాకు పెద్దది ఇంకోటి చూడాలె," అంది. తల వంచుకుని మళ్ళీ బియ్యం ఏరింది.

నేను ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ అప్పటికే పెట్టె తెరిపించింది. మా బిడ్డ పెళ్ళప్పుడు వచ్చిన కొత్త డేక్సా, ఒక్కసారి కూడా పొయ్యి ఎక్కనిది, దుకాణం చీటీ ఇంకా దాని మీదే అతుక్కుని ఉంది. మా బిడ్డ దాన్ని మోసుకెళ్ళి ఆపా ముందు పెట్టింది. ఆపా చీటీని గోరుతో గీకి చూసి, లోపలికి తీసుకుందట. ఏమీ అనలేదట.

ఆ తర్వాత మేము తిన్నాం. అప్పటికి నూడుల్స్ అన్నీ రసం పీల్చి, ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుని ఒకటే ముద్ద అయ్యాయి. గరిటె దిగలేదు. మా బిడ్డ చాకుతో కోసి కంచాల్లో పెట్టింది. మా ఆవిడ రెండు ముద్దలు నమిలి, "ముక్క మెత్తగైంది. కారం ఎవలు వేయమన్నరు?" అంది. అంతే. నేను నీళ్ళు తాగుతూ కూర్చున్నాను.

మర్నాడు గోడ అవతల బగారా వాసన వచ్చింది. మనుషుల మాటలు, ఫాతెహా చదివే గొంతు వినబడ్డాయి. మా ఆవిడ వంటిల్లు కడిగి, ఇటు గడియ తీసి రెక్క తోసింది. కదల్లేదు. అటు గడియ పెట్టి ఉంది. ప్రతి ఏడూ ఆ రోజు మాకు కంచం వచ్చేది. ఈ ఏడు రాలేదు. ఆ తర్వాతి రోజులూ అంతే. నేను పొద్దున లేవగానే వెళ్ళి రెక్కను వేలితో తోసేవాణ్ణి. రాత్రి పడుకునే ముందు తోసేవాణ్ణి. మా ఆవిడ చూసి కూడా ఏమీ అనేది కాదు. నన్ను తిట్టకపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది. కళ్ళల్లో చుక్కలు వేసుకుని పడుకుని, గోడ వైపు చెవి పెట్టేది. అటు ఆపా గిన్నెలు కడిగే చప్పుడు, కొడుకును భోజనానికి పిలిచే గొంతు. మనిషి అక్కడే ఉంది, రెండడుగుల దూరంలో. పిలిస్తే పలుకుతుంది. పిలిచే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఆ దిగులుతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ నవ్విందన్న చోటికి వచ్చాను. నవ్వింది కాబట్టి పర్వాలేదు అని నాకు నేను చెప్పుకోవడానికి ఆ చోటును రెండుసార్లు బాగా రాశాను.

నిన్న సాయంత్రం ముందు తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆపా. లోపలికొచ్చి, నన్ను దాటి, నేరుగా మా ఆవిడ మంచం మీద కూర్చుని, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి కన్ను చూసింది. "ఎర్రదనం తగ్గింది అక్కా," అంది. మా ఆవిడ ఆమె చెయ్యి వదల్లేదు. ఇద్దరూ నా వైపు చూడలేదు. అది నేను భరించలేకపోయాను. ఆపా సంతోషిస్తుందని, నా కాగితాలు తెచ్చి, ఆమె పెద్ద మనసు గురించి రాసిన చోటు పైకి చదివాను. "కొంచెం నవ్వింది, మూతి చివర," అన్నదాని దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నేనెప్పుడు నవ్విన భాయ్?"

"నవ్వినవ్ కద ఆపా, జరంత..."

"నవ్వలే. గుస్సా అయిన. నువ్వు పోయినంక తలుపు పెట్టుకొని ఏడ్చిన. మా అమ్మ చేతిది అదొక్కటే మిగిలె నాకు. చెప్పినవ్, మంచి పని చేసినవ్, గని గుస్సా ఇంక పోలే. ఇయ్యాల నేను అక్క కన్ను చూద్దామని వచ్చిన, నీ కోసం రాలే. నవ్విందన్నది కొట్టేసి, గిది రాయి."